పచ్చ ఓడ విన్న ఇంగ్లీష్ పాఠం

డీఎస్సీ రాసి కొత్తగా ఇంగ్లీష్ టీచర్లయిన పిల్లలు ఈ మధ్య నెల్లూరులో మా ఇంటికి తరచుగా వస్తున్నారు. బండి స్టాండు వేసీ వేయకముందే అడిగేది ఒకటే. "మేడమ్, ఆన్‌లైన్‌లో ఇంగ్లీష్‌కి ఏ యాప్ మంచిది? ఏ చానల్ పెట్టమంటారు?" ఏ కొట్లో కందిపప్పు బాగుంటుందని అడిగినంత తేలిగ్గా అడుగుతారు. నాకు చిర్రెత్తుకొస్తుంది. అయినా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి చెబుతాను. చెప్పిందే చెప్పి నోరు నొప్పి పుడుతోంది కాబట్టి ఇప్పుడు రాసి పెడుతున్నాను. ఇకమీదట వచ్చినవాళ్ళకు కాఫీతో పాటు ఈ కాగితాలు కూడా చేతికిస్తాను.

నేను ముత్తుకూరు అవతల, సముద్రం ఒడ్డున ఉన్న ఒక హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్పి రిటైరయ్యాను. ఊరి పేరు రాయను, ఆ ఊళ్ళోవాళ్ళకు ఎలాగూ తెలిసిపోతుంది. బడి మేడమీద నిలబడితే ఒకవైపు పోర్టు క్రేన్లు, మరోవైపు చేపలు పట్టేవాళ్ళ పాళెం కనబడతాయి. మా పిల్లల్లో సగానికి పైగా ఆ పాళెం వాళ్ళే. నా ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు ఇక్కడ రాయడం లేదు. శాలువలన్నీ బీరువాలో భద్రంగా ఉన్నాయి. నా ఉద్యోగం అసలు ఏమిటో నాకు తెలిసొచ్చింది ఒక ఫైబర్ బోటు వల్ల. ఆ సంగతే చెబుతాను.

మంచు కురిసిన క్లాసు

ఇంటర్నెట్టులో ఇంగ్లీష్ పాఠాలకేం కొదవ లేదు. ఊరికే ఇస్తారు కూడా. ఒక అమ్మాయి చక్కగా నవ్వుతూ హోటల్లో భోజనం ఎలా అడగాలో, విమానాశ్రయంలో పెట్టె పోతే ఎవరికి చెప్పుకోవాలో, మంచు కురిసే రోజున పక్కింటివాళ్ళతో ఏం మాట్లాడాలో చెబుతుంది. మొదట్లో నేనూ అవే పెట్టాను. ప్రొజెక్టరు వెలుగులో మా బడి గోడమీద మంచు కురుస్తుంటే పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. వారం పోయాక, ఈ రోజు వాతావరణం ఎలా ఉందని ఇంగ్లీషులో అడిగితే క్లాసంతా ఒక్క గొంతుతో "ఇట్ ఈజ్ స్నోయింగ్, మేడమ్" అంది. బయట మండే ఎండకు ఇసుకమీద కాలు పెట్టలేకుండా ఉంది.

ఆ పాఠాలు చెడ్డవని నేననను. వాటిని విని నా ఉచ్చారణ నేనే సరిచేసుకున్నాను. పెద్ద చదువుల్లో ఎవరూ నాకు చెప్పని సంగతులు అక్కడ దొరికాయి. టీచరు నేర్చుకోవడానికి అవి బంగారం. పిల్లకు పెట్టేటప్పుడు మాత్రం ఈ మాట దాని నోటికి రేపు ఎక్కడ పనికొస్తుందో ఒకసారి ఆలోచించుకోవాలి. ఆ పని యాప్ చెయ్యదు, మీరే చెయ్యాలి.

కరోనాకు బడులు మూతపడినప్పుడు మా పైఆఫీసరు ఒకాయన ఉండేవాడు. ఏ పిల్ల ఎన్ని నిమిషాలు పాఠం చూసిందో కంప్యూటర్లో చూసి, రంగురంగుల పటం గీయించి, మమ్మల్ని మీటింగులో నిలబెట్టేవాడు. పిల్లకు ఏం వచ్చిందని ఒక్కనాడూ అడగలేదు. పొయ్యిమీద ఎసరు ఎంతసేపు ఉందో చూసి అన్నం ఉడికిందని చెప్పే మనిషి ఆయన. మా హెడ్మాస్టరు రాఘవరావు గారు వేరే రకం. "అమ్మా, ఆ పటం సంగతి నేను చూసుకుంటాను. మీరు పిల్లల సంగతి చూడండి" అనేవారు. అటువంటి పెద్దాయన కింద పనిచేసే అవకాశం మీకు దొరికితే బదిలీ అడక్కండి.

ఫోను వేటకు పోతుంది

బడులు తెరిచాక కూడా నేను పాఠాలు రికార్డు చేసి పిల్లల ఫోన్లకు పంపడం మానలేదు. ఎవరు ఎప్పుడు, ఎంతసేపు విన్నారో ఆ లెక్క కంప్యూటర్లో నాకు వస్తూనే ఉండేది. అందులో ఒక వింత కనబడింది. తొమ్మిదో తరగతి మస్తానమ్మ ఇంటి ఫోనులో పాఠం తెల్లవారుజామున మొదలై పొద్దెక్కేదాకా మోగుతోంది. విన్న పాఠమే మళ్ళీ మళ్ళీ. నిమిషాల కోసం ఫోను మోగించి నిద్రపోతోందనుకుని, మర్నాడు దాన్ని నిలబెట్టి దులిపేశాను.

మస్తానమ్మ తల వంచుకోలేదు. "నేను కాదు మేడమ్. ఆ యాళకి ఫోను ఇంట్లో యాడుంటాది? మా నాయన వేటకు ఎత్తకపోతాడు. వల యేసినాక ఊరికే కూచోవాల గదా, అప్పుడు పెట్టుకుంటాడు" అంది.

పాళెంలో ఇంటికొక ఫోను. అది ముందు బోటుది, ఆ తర్వాతే ఇంటిది. తెల్లారకముందే ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని సముద్రం మీదికి పోతుంది. ఒడ్డు దాటితే సిగ్నలు ఉండదు గాని, ముందే దించుకున్న పాఠం మోగుతుంది, ఒడ్డుకు తిరిగొచ్చాక ఆ లెక్క నాకు చేరుతుంది. ఇన్నాళ్ళూ నేను పిల్లలకని చెప్పిన పాఠాలు తండ్రులు వింటున్నారన్నమాట. ఆ మాట విన్నప్పుడు నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను.

ఆ సాయంత్రమే పాళెం వెళ్ళాను. మస్తానమ్మ తండ్రి పెంచలయ్య పాకలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, లుంగీ దించుకుని నిలబడ్డాడు.

"ఏం పెంచలయ్యా, నా పాఠాలు వింటున్నావంట?"

"తప్పా టీచరమ్మా?"

"తప్పు కాదు నాయనా. ఎందుకు వింటున్నావో చెప్పు."

అతను పోర్టు వైపు చెయ్యి చూపించాడు. "ఆ ఓడలు టీచరమ్మా. మేం వల యేసి ఉంటే మీదికొచ్చేస్తాయి. వలలు కోసకపోతాయి. పోయినేడు మా తమ్ముడి బోటు వలతో సహా లాగేసింది. బోటు తిరగబడితే ముగ్గురూ డబ్బాలు పట్టుకోని ఈదినారు. మేం పొయ్యి ఎత్తుకునేతలికి చీకటి పడింది. మా కాడ సెట్టు ఉండాది. దాంట్లో అరిచినాం. మేం తెలుగులో అరిస్తే వాడికేం తెలస్తాది? వాడు ఇంగ్లీషోడు. ఒక్క మాట వాడికి తెలిసేటట్టు చెప్పగలిగితే చాలు. ఆ ఒక్క మాట మీ పాఠాల్లో యాడన్నా వస్తాదేమోనని ఇంటా ఉండా. ఇంకా రాలేదు."

సెట్టు అంటే చేత్తో పట్టుకునే చిన్న వైర్‌లెస్. దగ్గర్లో ఉన్న ఓడలకూ బోట్లకూ అన్నిటికీ దాని మాట వినబడుతుంది. ఆ సెట్టు చేతిలో ఉండి కూడా వీళ్ళు మూగవాళ్ళలా ఉన్నారు. ఆ రాత్రి నా పాఠాలన్నీ ముందేసుకుని చూశాను. మంచు గురించి చెప్పాను, రైలు టిక్కెట్టు గురించి చెప్పాను. పెంచలయ్యకు కావలసిన మాట చెప్పనేలేదు.

నా గొంతు పనికిరాలేదు

వెతకడం మొదలుపెట్టాను. ఓడల్లో పనిచేసేవాళ్ళ కోసం పెట్టిన ఇంగ్లీష్ పాఠాలు దొరికాయి. మంచివే, కాకపోతే ఆ గొంతులు నాకే సగం అందలేదు. వాటిలోంచి నాలుగు మాటలు ఏరి, పోర్టు ఆఫీసులో పనిచేస్తున్న నా పాత విద్యార్థి సుధాకర్‌కి ఫోను చేశాను. "మేడమ్, లెఫ్టు, రైటు అని చెప్పిస్తే ఎవరి లెఫ్టో తెలియక తికమక పడతారు. నార్తు, సౌతు అనే చెప్పించండి. ఓడ పేరు మనవాళ్ళు చదవలేరు, రంగు చెబితే చాలు" అన్నాడు. వాడు నా దగ్గర ఏడో తరగతిలో గోడ కుర్చీ వేసినవాడు. వాడు చెప్పినట్టే రాసుకున్నాను.

చివరికి పాఠం ఇదీ. "రెడ్ షిప్, రెడ్ షిప్. దిస్ ఈజ్ ఎ స్మాల్ ఫిషింగ్ బోట్. ఐ యామ్ ఇన్ ఫ్రంట్ ఆఫ్ యూ. మై నెట్స్ ఆర్ ఆన్ ది సౌత్ సైడ్. ప్లీజ్ పాస్ నార్త్." ఒక్కో వాక్యం తర్వాత, వినేవాళ్ళు తిరిగి అనడానికి ఖాళీ ఉంచాను. నా గొంతుతో స్పష్టంగా, ఒత్తి పలుకుతూ రికార్డు చేసి పంపాను. ఒక్కరూ వినలేదు. ఎందుకని అడిగితే మస్తానమ్మ ముందు నసిగింది. "మీ గొంతు ఇంటే మా నాయనోళ్ళకి భయమంట మేడమ్. తప్పు చెప్తే సముద్రంలోకొచ్చి కొడతారేమోనని ఆపేస్తా ఉండారు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అయితే నువ్వు చెప్పు. తొందర లేదు, మొదట్నించీ చెప్పు" అన్నాను, క్లాసులో ఎప్పుడూ అన్నట్టే. మస్తానమ్మ క్లాసులో అప్పజెప్పేటప్పుడు నిలబడినట్టే చేతులు కట్టుకుని, అలవాటుగా "గుడ్ మార్నింగ్ మేడమ్" అని మొదలుపెట్టి, పాఠం మొత్తం చెప్పి, "థాంక్యూ మేడమ్" అని ముగించింది. ఆ రెండు ముక్కలు కోసెయ్యాలనుకుని ఏదో పనిలో పడి వదిలేశాను. వారం తిరిగేసరికి ఆ పాఠం పాళెంలో ప్రతి బోటులోనూ మోగుతోంది. బిడ్డ ముందు తప్పు పలకడానికి ఏ తండ్రికీ సిగ్గు లేదు. ఇది రాసిపెట్టుకోండి. ఎంత ఖరీదైన గొంతు పెట్టి చెప్పించినా, వినేవాడికి ఆ గొంతు దగ్గర చనువు లేకపోతే నోరు తెరవడు.

పెద్దల మాట

అంతలో గొడవ వచ్చింది. పాళెం పెద్ద పోలయ్య. అరవై దాటినా ఇంకా వేటకు పోయే మనిషి. ఆయన మాటంటే మాటే. పాళెంలో పెద్దలు కూర్చుని ఏదైనా కట్టడి పెడితే దాన్ని దురాయి అంటారు. ఫలానా రోజు వేటకు పోకూడదని దురాయి పడితే ఒక్క బోటు కూడా కదలదు. తప్పినవాడి బోటు ఒడ్డున ఉంటే నీళ్ళలోకి నెట్టడానికి ఎవరూ చెయ్యి వెయ్యరు. కలెక్టరు మాటకు లేని విలువ దానికి ఉంది.

ఆ పోలయ్య పెద్దలను కూర్చోబెట్టి నన్ను పిలిపించాడు. పెంచలయ్య ఒక పక్కన నిలబడి ఉన్నాడు.

"టీచరమ్మా, మీరు బడిలో సదువు చెప్పండి, మేం కాదనం" అన్నాడు పోలయ్య. "ఈడొచ్చే బిడ్డ గొంతు మొగోళ్ళందరి జేబుల్లో తిరగతా ఉంటే ఎట్టా? రేపు దాని సమ్మందం కాడ ఎవురన్నా ఎత్తిపొడిస్తే మీరొచ్చి సమాధానం చెప్తారా?"

"ఆ గొంతు బూతులు చెప్పడం లేదు పోలయ్యా. మీ ప్రాణాలు కాపాడే మాట చెబుతోంది."

"మా తాతలకాడ్నించి ఇంగ్లీషు లేకుండానే ప్రాణాలు కాపాడుకుంటా ఉండాం లేమ్మా."

"మీ తాతల కాలంలో ఆ పోర్టు లేదు."

ఆయనకు కోపం వచ్చింది. నాకూ వచ్చింది. నా నోరు మంచిది కాదని మా ఇంట్లోవాళ్ళే అంటారు, ఆ రోజు ఇంకాస్త జారింది. లాభం లేకపోయింది. మస్తానమ్మ పాఠం ఏ ఫోనులోనూ ఉండకూడదని దురాయి వేశారు. పెంచలయ్య నా ముందే పాఠం తుడిచేశాడు. అతన్ని ఏమీ అనలేకపోయాను. బోటు నెట్టేవాళ్ళు లేకపోతే అతను ఎలా బతుకుతాడు?

మస్తానమ్మ మాత్రం మర్నాడు బడికి వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. ఏం అడిగినా నోరు విప్పలేదు. క్లాసులో ముందుగా చెయ్యెత్తే పిల్ల అలా అయిపోతే చూడలేకపోయాను. రాఘవరావు గారి దగ్గరికి వెళ్ళి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆయన ఓదార్చలేదు. "ఫోనుల్లోంచి పోయింది గాని, నోళ్ళలోంచి పోయిందంటారా అమ్మా?" అని అడిగారు. నాకు అప్పుడు ఆ మాట తలకెక్కలేదు.

పచ్చ ఓడ

ఆ తర్వాత జరిగింది పెంచలయ్యే నాకు చెప్పాడు. దురాయి పడిన కొన్నాళ్ళకు ఒక రోజు నీటి ఉరవడి ఎక్కువగా ఉండి వలలు ఆలస్యంగా వేశారు. మధ్యాహ్నం దాటినా సముద్రం మీదే ఉన్నారు. కొంచెం దూరంలో పోలయ్య బోటు కూడా ఉంది. తూర్పు నుంచి ఒక పచ్చ ఓడ పోర్టుకు వస్తూ తిన్నగా పోలయ్య వలల మీదికే తిరిగింది. పోలయ్య కొడుకులిద్దరూ ఆ బోటులోనే ఉన్నారు. ఇంజను స్టార్టు కాలేదు. వల కోసుకుని తప్పుకునే వ్యవధి కూడా లేదు. పోలయ్య సెట్టు పట్టుకుని అరుస్తున్నాడు. "ఓ ఓడా, ఇటు రావాకరా సామీ, బిడ్డలుండారు" అంటున్నాడు. అది అన్ని బోట్లకూ వినబడుతోంది. ఓడ మాత్రం వస్తూనే ఉంది.

"నేను సెట్టు తీసినా టీచరమ్మా. నోరు ఎండకపొయ్యింది. యాడ మొదలుపెట్టాల్నో తెలీలా. నడిమధ్యన ఎత్తుకుంటే రాదు నాకు, మొదట్నించీ చెప్తేనే వస్తాది. అందుకని మొదట్నించీ చెప్పినా."

మధ్యాహ్నం మూడింటికి, బంగాళాఖాతంలో, ఒక విదేశీ ఓడ కెప్టెనుకు పెంచలయ్య "గుడ్ మార్నింగ్ మేడమ్" చెప్పాడు. తర్వాత పాఠం చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. అవతల నుంచి మగ గొంతు పలికింది. ఏమందో అంతా అతనికి అర్థం కాలేదు. "సౌత్ అన్నాడు టీచరమ్మా. ఆ ఒక్క మాటా నాకు తెలిసింది. ఓడ తల తిప్పింది. కళ్ళారా చూసినా. పోలయ్య మామ బోటు పక్కనించి పొయ్యింది. అప్పుడు థాంక్యూ మేడమ్ అని చెప్పినా" అన్నాడు.

నేను పడీ పడీ నవ్వాను. నవ్వుతుండగానే సగంలో నా నవ్వు ఆగిపోయింది.

"పెంచలయ్యా, ఓడ ఏ రంగన్నావు?"

"పచ్చది."

"నువ్వేమని పిలిచావు?"

"గ్రీన్ షిప్, గ్రీన్ షిప్ అని."

నా పాఠంలో గ్రీన్ లేదు. ఎర్ర ఓడ ఒకటే ఉంది. వలలు సౌతున ఉన్నాయి, నార్తుగా పొమ్మని ఉంది. అక్కడ పోలయ్య వలలు ఉన్నది నార్తున. గ్రీన్ ఎక్కడిదని అడిగితే, చిన్నకొడుకు కోసం అదే ఫోనులో పెట్టుకున్న ఐదో తరగతి రంగుల పాఠంలోదని చెప్పాడు. అక్కడి మాట తెచ్చి ఇక్కడ పెట్టాడు. నార్తును సౌతు చేశాడు, సౌతును నార్తు చేశాడు. ఓడ మీదికొస్తుంటే, ఎవరూ చెప్పకుండా తనే మార్చాడు.

పిల్లలూ, మీకు చెప్పాలనుకున్నది ఇదే. గుడ్ మార్నింగ్ మేడమ్ అన్నది కంఠతా వచ్చిన ముక్క. గ్రీన్ అన్నది ఇంగ్లీష్. ఉన్న మాటలను తీసి, తనకు కావలసిన చోట పెట్టుకున్నాడు. భాష రావడమంటే అంతకుమించి ఏమీ లేదు. నేను ముప్ఫై ఏళ్ళలో ఎందరినో ఫస్టు క్లాసులో పాసు చేయించాను. వాళ్ళందరినీ ఒక పక్క, పెంచలయ్య మార్చిన ఆ మాటలను మరో పక్క పెట్టి ఏది గొప్పదని నన్నడిగితే తడుముకోను.

కొత్త దురాయి

మర్నాడు ఉదయం ప్రార్థన కాకముందే పోలయ్య బడికి వచ్చాడు. స్టాఫ్ రూము గుమ్మం బయటే చెప్పులు విడిచి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"సెట్టులో పెంచలయ్య మాట్టాడతా ఉంటే నాకు ఆ బిడ్డ మాట్టాడినట్టే ఉండాదమ్మా. అదే రాగం, అదే తీరు" అన్నాడు. "నా బిడ్డలిద్దరూ దాంట్లో ఉండారు."

ఆయన క్షమించమని అడగలేదు. నేనూ ఎత్తిపొడవలేదు. మస్తానమ్మను పిలవమన్నాడు. చివరి బెంచీలోంచి లేచి వచ్చి నిలబడిన పిల్లను చూసి, "ఆ పాఠం మళ్ళా పంపించమా" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు. ఆ పిల్ల నా వైపు తిరిగి పళ్ళన్నీ కనబడేలా నవ్వింది.

వేసవిలో వేట నిషేధం వచ్చింది. ఆ రెండు నెలలూ బోట్లన్నీ ఇసుకమీదే ఉంటాయి. అప్పుడు పెద్దలు మళ్ళీ కూర్చుని ఇంకో దురాయి వేశారు. నిషేధం తీసేలోగా ప్రతి బోటులో కనీసం ఒక మనిషి ఆ పాఠం నేర్చుకోవాలి. నేర్చుకున్నట్టు మస్తానమ్మ చెప్పాలి. చెప్పకపోతే ఆ బోటును ఎవరూ నీళ్ళలోకి నెట్టరు. నా పాఠాన్ని విద్యాశాఖ ఎన్నడూ పట్టించుకోలేదు, సంతోషం. ఇంత గట్టి ఆర్డరు ఏ శాఖ మాత్రం ఇవ్వగలదు?

ఒక సాయంత్రం ఎలా జరుగుతోందో చూద్దామని వెళ్ళాను. బోట్ల నీడలో ఇసుకమీద పాళెం మగవాళ్ళంతా బారులు తీరి కూర్చున్నారు. మస్తానమ్మ బోటు అంచుకు ఆనుకుని నిలబడింది. నేను ఇవతలి బోటు చాటున ఆగాను. పోలయ్య వంతు వచ్చింది. ఆయన లేచి, తువ్వాలు భుజం మీదనుంచి తీసి నడుముకు చుట్టుకుని, చేతులు కట్టుకున్నాడు.

"గుడ్ మార్నింగ్ మేడమ్" అని మొదలుపెట్టాడు.

మధ్యలో నార్తు దగ్గర తడబడ్డాడు. జనం నవ్వబోయారు. మస్తానమ్మ వాళ్ళ వైపు ఒక్క చూపు చూసింది. అందరూ నోళ్ళు మూసుకున్నారు.

"తొందర లేదు తాతా. మొదట్నించీ చెప్పు" అంది.

అది అచ్చం నా గొంతే.